ఏకగ్రీవమని నేను రాసిన ఊరు

రెవెన్యూలో కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నంద్యాలలో మా ఇంటికి వస్తుంటారు. ఏ పరీక్ష ముందు రాయాలి, ఏ ఆఫీసరు కింద పని చేస్తే సుఖం, ఇట్లాంటివి అడుగుతారు. తెలిసింది చెప్పి, కాఫీ ఇచ్చి పంపిస్తాను. మొన్న వచ్చిన ఒకమ్మాయి అవేవీ అడగలేదు. "ఈ రాజకీయాలు చూస్తుంటే ఈ ఉద్యోగం చేయబుద్ధి కావడం లేదు సార్. మీ కాలంలో బాగుండేదంట గదా?" అంది.

"అవునమ్మా, మా కాలం వేరు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! ఆ అమ్మాయి పోయాక మధ్యాహ్నం అన్నం సయించలేదు. మా కాలం వేరు కాదు. నేను చెప్పింది అబద్ధం. దాన్ని సరిదిద్దడానికి ఇది రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాయను. అవన్నీ సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి. అందులో లేని సంగతి ఒకటుంది. ఆళ్లగడ్డ దగ్గర, నల్లమల వైపు ఉన్న ఒక ఊళ్లో, ఒక ఆడమనిషికి నేను చేసిన అన్యాయం. ఊరి పేరు చెప్పను. అప్పట్లో కొట్టుకున్న కుటుంబాల మనవళ్లు ఇప్పుడు అక్కడ కలిసి బతుకుతున్నారు. వాళ్ల బతుకులు కెలకడం నా ఉద్దేశం కాదు.

కొత్త రాష్ట్రం, కొత్త గుమాస్తా

నేను నంద్యాలలో గుమాస్తాగా చేరింది 1953లో, ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడాదే. కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులన్నీ డేరాల్లో పెట్టారంటే, నేనూ ఇంకో ఇద్దరు గుమాస్తాలూ ఆదివారం బస్సెక్కి పోయి చూసొచ్చాం. ఇరవై రెండేళ్ల వయసు. మన రాష్ట్రం, మన జిల్లాలోనే రాజధాని. ఆ డేరాల మధ్య దుమ్ములో తిరుగుతూ, ఇక అన్నీ బాగుపడతాయని నిజంగా నమ్మాను. నమ్మినందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

మా హెడ్ గుమాస్తా రంగయ్య గారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. ఎవరూ ఆయన్ను మెచ్చుకునేవాళ్లు కాదు, ఎందుకంటే ఆయన దగ్గర పని ఆలస్యమయ్యేది. రైతు ఎవరైనా వచ్చి అర్జీ ఇస్తే, దాన్ని ఆ రైతుకే గట్టిగా చదివి వినిపించమనేవారు. "నువ్వు చెప్పింది ఇదేనా?" అని మేము అడగాలి. అతను అవునంటేనే వేలిముద్ర. ఒకసారి కాలవ నీళ్ల కోసం ఒక ముసలి రైతు పెట్టుకున్న అర్జీలో నేను సర్వే నంబరు తప్పు రాశాను. అతని పొలంలో ఒక కారు పంట ఎండిపోయింది. తప్పు నాదని రంగయ్య గారికి తెలియగానే కోప్పడలేదు. "ఆ ఊరు నాలుగు మైళ్లు. నడిచిపో. నీ నోటితో చెప్పు" అన్నారు.

పోయాను. ముసలాయన నన్ను తిట్టాడు. అతని కోడలు అంతకంటే ఎక్కువ తిట్టింది. ఆ తర్వాత చెంబుతో నీళ్లిచ్చింది. తిరిగొచ్చేటప్పుడు నా కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. తప్పు ఒప్పుకుంటే ఎట్లా ఉంటుందో నాకు ఆ వయసులోనే తెలుసు. ఆ రుచి తెలిసి కూడా తర్వాత చేసింది చేశాను కాబట్టి, నాకు చెప్పేవాళ్లు లేరని అనడానికి వీల్లేదు.

ఆ రెండు మూడేళ్లలో చాలా జరిగిపోయాయి. ప్రభుత్వం పడిపోయింది. మళ్లీ ఎన్నికలు వచ్చాయి. నిన్న ఒక జెండా పట్టుకున్నవాడు నేడు ఇంకో జెండా పట్టుకున్నాడు. తర్వాత రాజధానే కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. డేరాలు పీకేసిన చోట గుంజల గుంతలు మిగిలాయి. ఆఫీసులో మా మాటల తీరు మారింది. "ఎవడొచ్చినా ఇంతేలే అప్పా" అనడం తెలివైనవాడి గుర్తయింది. నేనూ ఆ మాట నేర్చుకున్నాను. ఒకసారి ఆ మాట అలవాటైతే పని ఎంత సుఖంగా ఉంటుందో చెప్పలేను. ఏదీ పట్టించుకోనక్కర్లేదు.

ఆ స్థితిలో నన్ను రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా ఆళ్లగడ్డ వైపు వేశారు.

పేరు చెప్పని ఇండ్లు

మొదట చేసిన పని ఓటర్ల జాబితా. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకోవాలి. మగవాళ్లతో ఇబ్బంది లేదు. ఆడవాళ్లు తలుపు వెనకనుంచి "నడిపోని పెండ్లామని రాసుకో సామీ", "చిన్నోని తల్లి అని రాయి" అనేవాళ్లు. సొంత పేరు లేకపోతే జాబితాలో ఎక్కించకూడదని మాకు ఉత్తర్వు. అడిగి అడిగి విసిగిపోయి, వదిలేసి ముందుకు పోయేవాణ్ణి. ఒక వీధి మొత్తం అట్లాగే వదిలేసే సమయానికి, చేట చేతిలో పట్టుకుని ఒకామె ఎదురుగా వచ్చి నిలబడింది. నలభై లోపు ఉంటుంది. ఎడమ కాలి మడమ పైన పాత పుండు మచ్చ.

"ఏంది సారూ, ఓటు నాకా, నా మొగునికా?" అంది.

"నీకేనమ్మా."

"అట్లైతే నా పేరు రాయి. ఓబుళమ్మ. ఆయన సచ్చిపోయి రెండేండ్లాయ. ఆయన పేరు మింద నేనేం ఓటేసేది?"

రాసుకున్నాను. అంతటితో పోనివ్వలేదు. చేట ఇంట్లో పడేసి వచ్చి, నాతోపాటు మళ్లీ వీధి మొదటి ఇంటినుంచి తిరిగింది. "అక్కా, ఆకలైతే నీకు గాదా అయ్యేది? పేరు మాత్రం ఇంకొకరిదా? చెప్పు" అని ఒక్కొక్కర్ని బయటికి పిలిచింది. ఎండ మండిపోతోంది. ఆమె చెప్పించే పేర్లు నేను మోకాలి మీద కాగితం పెట్టుకుని గబగబా రాసుకుపోయాను.

ఆమె పట్టుదలకు కారణం తర్వాత తెలిసింది. ఆ ఊరికి తాగేనీళ్లు ఒకే దిగుడుబావి. మెట్లు దిగి, మోకాలిదాకా నీళ్లలో నిలబడి కడవ ముంచుకోవాలి. అందరి కాళ్లూ అందులోనే, అందరి నోళ్లూ అందులోనే. ఏటా వేసవికి ఊళ్లో సగం మందికి నారికురుపు. కాల్లోంచి దారంలాంటి పురుగు బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. తెగితే చీముపడుతుంది. ఓబుళమ్మ మొగుడికి తెగింది. ధనుర్వాతం కమ్మి పోయాడు. ఒకసారి ఊరికొచ్చిన హెల్త్ ఇన్‌స్పెక్టరు, నీళ్లలో కాళ్లు పెట్టకుండా పైనుంచి చేదుకుంటే ఈ రోగమే ఉండదని చెప్పి పోయాడు. అందరూ విన్నారు. ఆ మాట పట్టుకుని ఆళ్లగడ్డకు తిరిగింది ఓబుళమ్మ ఒక్కతే. మెట్లు మూసేసి చేదబావి చేయమని ఎన్ని అర్జీలు పెట్టిందో! ఊళ్లో పెద్దలిద్దరి ఇండ్లలో సొంత చేదబావులుండేవి. వాళ్లకు ఆ తొందర లేదు.

"ఓటేస్తే బావి మూస్తారా సారూ?" అని ఆ రోజు నన్ను అడిగింది.

"అడిగేవాళ్లుంటే మూస్తారు" అన్నాను. ఊరికే అన్నమాట. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుంది.

చావడి

ఆ మరుసటేడు ఆ ఊరికి పంచాయతీ ఏర్పడింది. ఎన్నికకు నన్నే ఆఫీసరుగా వేశారు. ఊళ్లో రెండు పార్టీలు, పైవీధి, కిందివీధి. పార్టీలంటే జెండాలు కాదు. ఇద్దరు పెద్ద రైతులు, వాళ్ల వెనక కట్టెలు పట్టుకునే మనుషులు. ఆ ఇద్దరూ ఎన్నడూ లేనిది రాజీపడి వార్డులు పంచుకున్నారు. ఏడు వార్డులకు ఏడుగురు. పోలింగు లేకుండా ఏకగ్రీవం. పైఆఫీసులో అందరికీ సంతోషం.

నామినేషన్ల చివరి రోజుకు ముందు రోజు ఓబుళమ్మ ఆళ్లగడ్డకు వచ్చింది. పది మైళ్లు నడిచి వచ్చింది. అర్జీలు రాసే ముసలాయన ఆ రోజు జ్వరమని రాలేదు. "నేను నిలబడతాండా సారూ. అడిగేవాళ్లుంటే అని నువ్వే అంటివి గదా" అంది. ఎన్నిక జరిపేవాడు నామినేషన్ రాసివ్వకూడదు. అయినా ఆమె కాళ్ల దుమ్ము చూసి కాదనలేక, వరండాలో కూర్చోబెట్టి నేనే నింపాను. రంగయ్య గారు నేర్పినట్టు చదివి వినిపించాను. వేలిముద్ర వేసింది. ప్రతిపాదించింది ఆమె వీధిలోని కుమ్మరి తిమ్మయ్య. ఆ సాయంత్రం ఇంటికి పోతూ, చాలా రోజుల తర్వాత నా మీద నాకే మర్యాద కలిగింది.

అది రెండు రోజులుంది.

మా పైఆఫీసరు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. లంచం తీసుకోడు, గట్టిగా మాట్లాడడు. నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, "సుబ్బన్నా, ఆ ఊరు ఏకగ్రీవమని పైకి చెప్పేసినాను. ఇప్పుడు పోలింగంటే పోలీసులు కావల్ల. యాడనుంచి తెచ్చేది? కాగితం బాగా చూడు. చూస్తే ఏదో ఒకటి దొరుకుతుంది" అన్నాడు. కాగితం మీద ఏమీ రాయలేదు. రాయించి ఇవ్వమని నేనూ అడగలేదు. పిల్లలూ, ఇది గుర్తు పెట్టుకోండి. నోటిమాటతో వచ్చే ఉత్తర్వు అంతా మీ మెడకే.

నామినేషన్ల పరిశీలన రోజు పొద్దున్నే ఆ ఊరు చేరాను. పైవీధి పెద్దాయన నన్ను ఇంటికి పిలిచి మజ్జిగ ఇప్పించాడు. మెత్తటి మనిషి.

"ఆ యమ్మను నిలబెట్టింది కిందివీధోల్లని మావోల్లు అనుకుంటాండారు. మేమే నిలబెట్టినామని వాల్లు అనుకుంటాండారు. ఆ కాగితం నిలబడితే ఈడ తలకాయలు పగుల్తాయి. నేను బెదిరిస్తాండానని అనుకోవద్దు సారూ. జరిగేది జెప్తాండా" అన్నాడు. గ్లాసు తీసుకుంటూ, "నీకూ ఇద్దరు ఆడపిల్లోల్లంట గదా" అని ముగించాడు.

చావడికి నడిచిపోయాను. కూర్చుని నామినేషన్ తీశాను. పక్కన అచ్చు జాబితా పెట్టుకున్నాను. మా ఆఫీసరు చెప్పినట్టు బాగా చూశాను. దొరికింది. జాబితాలో 'ఓబులమ్మ' అని ఉంది. నామినేషన్‌లో 'ఓబుళమ్మ' అని ఉంది.

ఒక చోట ల, ఇంకో చోట ళ. రెండు చోట్లా రాసింది నేనే. జాబితా రోజు ఎండలో, మోకాలి మీద గబగబా రాసుకున్నప్పుడు ల రాశాను. అదే అచ్చయింది. వరండాలో నిదానంగా రాసినప్పుడు ళ రాశాను. ఇట్లాంటి చిన్న రాతతప్పుల్ని పట్టుకుని నామినేషన్ కొట్టేయకూడదని రూల్లోనే ఉంది. ఆ రూలు నాకు కంఠతా వచ్చు.

"జాబితాలో ఉన్న మనిషి, నామినేషన్ వేసిన మనిషి ఒకరే అనడానికి ఆధారం లేదు. తిరస్కరించడమైనది" అని గట్టిగా చదివాను.

చావడి నిండా జనం. ఎవరూ కదల్లేదు. తిమ్మయ్య ఒక్కడే ముందుకొచ్చాడు. "ఈమె ఓబుళమ్మ గాకపోతే ఇంకెవురు సారూ? నువ్వే గదా మా ఇండ్లకాడికొచ్చి రాసుకుంటివి?"

"రూలు అట్ల ఉందప్పా" అన్నాను. అతని ముఖం చూడలేదు.

ఆడవాళ్లు చావడి ఎక్కరు కాబట్టి ఓబుళమ్మ కింద ఎండలో నిలబడి ఉంది. అక్కడినుంచే తిమ్మయ్యను వారించింది. "ఊరుకో తిమ్మయ్యా. సారు మనోడు. ఆయప్ప కావాలని జెయ్యడు. నా నోరే సరిగా పలికిండదు."

ముప్పై ఏళ్లకు పైగా సర్కారు కొలువు చేసి రకరకాల మాటలు పడ్డాను. ఆ మాటంత దెబ్బ ఏదీ తగల్లేదు. అప్పుడైనా కాగితం వెనక్కి తీసుకుని సరిచేయవచ్చు. సంతకం సిరా కూడా ఆరలేదు. చేయలేదు. ఎన్నిక ఏకగ్రీవంగా, ప్రశాంతంగా ముగిసిందని రిపోర్టు రాసి పంపాను. మా ఆఫీసరు భుజం తట్టాడు.

నాకు నేను ఏం చెప్పుకున్నానో కూడా రాయాలి. రక్తం కారకుండా ఆపానని చెప్పుకున్నాను. ఒక ఆడమనిషి నామినేషన్ పోతే పోయింది, నాలుగు ప్రాణాలు నిలబడ్డాయి అనుకున్నాను. చాలా రోజులు ఆ మాట మీదే పడుకుని లేచాను. జొన్న కోతలకు ఆ ఇద్దరు పెద్దలూ ఎడ్లు చేలో పడ్డాయనే చిన్న తగాదాతో మళ్లీ విడిపోయారు. వాళ్ల తరఫున కొట్టుకుని, వాళ్ల దగ్గర జీతానికుండే ఇద్దరు సేద్యగాళ్లు చనిపోయారు. పంచనామాకు పోలీసులతోపాటు నేనే పోయాను. ఇద్దరి కాళ్లకూ నారికురుపు కట్లున్నాయి. నా ఏకగ్రీవం వాళ్లలో ఒక్కణ్ణీ కాపాడలేదు.

ఒక అక్షరం

ఆ గొడవకు ముందే, సంత రోజున, ఓబుళమ్మ ఆళ్లగడ్డలో మా ఆఫీసుకు వచ్చింది. నన్ను చూసి మామూలుగా నవ్వింది. సంచిలోంచి పలక తీసింది. కొత్త పలక.

"బళ్లో అయ్యవారు నా పేరు నేర్పిస్తాండాడు సారూ. 'ల'లు రెండుండాయంట గదా. నా పేర్లో ఏది రావల్ల? నువ్వు జెప్పు. నీకైతే రూలు తెలుసు."

నేను పలక తీసుకుని ళ రాశాను. ఆమె పక్కన కూర్చుని దాని మీదే దిద్దింది. పొలంపని చేసిన చెయ్యి, బలపం గట్టిగా పట్టుకుంటే విరిగిపోయింది. ముక్కతోనే మళ్లీ దిద్దింది. ఎనిమిదో తొమ్మిదో సార్లకు కుదిరింది.

"ఇదా నన్ను పోగొట్టింది!" అని పలక దూరంగా పట్టుకుని చూసింది. "ఇంత మెలిక తిరిగుంటే నాకేం తెల్చు? నా నోటిని ఎన్ని తిట్టుకుంటినో సారూ. ఇంక పోదులే. మల్ల ఎలక్షను ఎప్పుడొస్తాది?"

"మూడేండ్లు పట్టొచ్చు."

"అంతలోకి మా వీధి ఆడోల్లందరికీ నేర్పిస్తా" అంది.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. వరండాలో మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను కూడా. "జాగ్రత్తగా పో" అని మాత్రం అన్నాను.

ఆ ఏడు వేసవిలో, దిగుడుబావిలో నీళ్లు బాగా దిగిపోయినప్పుడు, ఆమె వీధి ఆడవాళ్లు ఎవరినీ అడక్కుండా మెట్లు మూయడం మొదలుపెట్టారు. వాగులోంచి రాళ్లు మోసుకొచ్చి గోడ పేర్చారు. సర్కారు బావిని పాడుచేస్తున్నారని పైవీధి పెద్దాయన ఫిర్యాదు పంపాడు. విచారణ నాకే వచ్చింది. నేను పోలేదు. ఆ ఫైలు ఇంకో ఫైలు కింద పెట్టి, గోడ లేచేదాకా పదకొండు రోజులు తీయలేదు. తర్వాత పోయి, పాడైనదేమీ లేదని రాశాను. ఇది నా ధైర్యమని అప్పట్లో మా ఇంట్లో చెప్పుకున్నాను కూడా. ఎండలో రాళ్లు మోసినవాళ్లది ధైర్యం. నేను చేసింది ఫైలు కింద దాక్కోవడం.

మళ్లీ నంద్యాల

1960కి నన్ను నంద్యాలకు మార్చారు. పంచాయతీలకు మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఒక రోజు పొద్దున ఆఫీసు మెట్ల మీద ఓబుళమ్మ కనిపించింది. బస్సులో వచ్చింది. జుట్టు కొంచెం నెరిసింది. చేతిలో ఖాళీ నామినేషన్ కాగితం.

"ఆళ్లగడ్డలో రాసేటోల్లు ఉండారు. అయితే నువ్వు రాస్తే తప్పు పోదని ఇంతదూరం వస్తి" అంది.

కలం అందుకోలేకపోయాను. ఆమెను వేపచెట్టు కిందికి తీసుకుపోయి, నిలబడే చెప్పాను. జాబితాలో తప్పు నాదని, నామినేషన్ నా రాతేనని, కొట్టేయాల్సిన పనిలేదని, భయపడి కావాలనే కొట్టేశానని. ఎవరు చేయమన్నారో వాళ్ల మీదికి నెట్టలేదు. అంతవరకు మాత్రం చేయగలిగాను.

ఆమె ఒకసారి రోడ్డు వైపు చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. నేను తల దించుకున్నాను.

"ఇన్నేండ్లు నా నోటిని తిట్టుకుంటి" అంది. "నా పేరు నాకే పలకరాదని మా యక్కచెల్లెండ్లకాడ చెప్పుకుంటి. పలక పట్టుకుని నీకాడికొస్తే, నా పక్కన కూకోని దిద్దించినావే! ఎట్ల దిద్దించినావు సారూ? నీకు చెయ్యెట్ల వచ్చె?"

"తప్పయింది ఓబుళమ్మా" అన్నాను.

"తప్పు గాదు అది." పైట కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఆమె పోతుందనుకున్నాను. ఆమె కాగితం నా ముందుకు చాపింది. "రాయి. మధ్యాన్నం బస్సు దాటిపోతే రేపటికి కాగితం అందదు. నీ మింద కోపం నేను తర్వాత చూసుకుంటా. ముందు నాకు పనుండాది."

వరండాలో కూర్చుని రాశాను. నా భుజం పక్కనే నిలబడి ప్రతి అక్షరం చూసింది. వయసు దగ్గర నన్ను ఆపి, జాబితా తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంది. జాబితాలో ఆమె పేరు ఈసారి సరిగ్గానే ఉంది. ఆమె తనంతట తానే అర్జీ పెట్టి సరిచేయించుకుందట. సంతకం చోట వేలు పెట్టలేదు. కలం తీసుకుని, నాలుగక్షరాలూ రాసింది. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని, నాకు చెప్పకుండానే పోయింది.

ఈసారి నామినేషన్ నిలబడింది. కొట్టేయడానికి ఎవరూ ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారని విన్నాను. పరిశీలన జరిపిన కుర్రాడు ఆళ్లగడ్డకు కొత్తగా వచ్చినవాడు. పైనుంచి నోటిమాట వస్తే, రాసివ్వండి సార్ అన్నాడట. ఎవరూ రాసివ్వలేదు. అంతే. నేను చేయలేనిది, రెండు మాటలతో అయిపోయే పని. ఆ ఊళ్లో మొదటిసారి పోలింగు జరిగింది. తలకాయలు పగల్లేదు. ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి బడి ముందు వరసలో నిలబడ్డారట, కొందరు చంటిపిల్లలతో.

ఓబుళమ్మ ఓడిపోయింది. పైవీధి పెద్దాయన అన్నకొడుకు గెలిచాడు.

ఆ తర్వాత కొన్ని వారాలకు నేను పనిమీద ఆళ్లగడ్డకు పోయినప్పుడు బస్టాండులో కనిపించింది. చేతిలో అర్జీ కాగితాలు. కింద ఎన్నో పేర్లు, అన్నీ ఆడవాళ్లవే, వంకరటింకర అక్షరాలతో. మాలవాడకు చేదబావి కావాలని కర్నూలుకు పోతోంది. మాట్లాడుతుందో లేదో అనుకుంటూనే దగ్గరికి పోయాను.

"ఓడిపోయినావని విన్నాను. బాధనిపించింది" అన్నాను.

"ఓడిపోతి" అంది. "అయితేమి? చావడికాడ పెట్టె తెరిచి, నాకు పడినేటివి ఒక్కొక్కటే తీసి ఎంచినారు సారూ. ఇన్ని అని గట్టిగా చదివినారు. ఊరంతా వినె." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూశాను. గెలిచినవాళ్ల ముఖాల్లో కూడా నేను అంత వెలుగు చూడలేదు. ఆ ఎంచడం మూడేళ్ల ముందే జరగాల్సింది. దాన్ని ఆపింది నేను.

కర్నూలు బస్సు వచ్చింది. ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుంది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"నీ మింద కోపం ఇంకా పోలేదు సారూ" అంది.

"పోవద్దులేమ్మా" అన్నాను.

ఆ ఒక్క మాట సరిగ్గా అన్నాననేమో, తలూపి బస్సెక్కింది.